కార్తీకంలో కొల్లేరు దోనె ప్రయాణం: మా నాదర్‌గుల్ రైతుల ప్లాన్, పోయినేడు నేను చేసిన తప్పుతో సహా



పై వీడియోలో కొల్లేరు తెల్లవారుజాము చూశారు కదా. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, పొగమంచులో వల లాగుతున్న దోనెలు, అన్నీ గట్టు మీద నుంచి తీసినవే. నీళ్ళ మీద నుంచి తీసిన షాట్ ఒక్కటి కూడా లేదు. "దోనె ఎక్కారు కదా అన్నా, ఆ వీడియో ఏది?" అని చాలామంది అడిగారు. ఆ వీడియో లేదు. అది తీస్తూనే నేను దోనె తిరగేశాను.

ఈసారి శరదృతువులో మా సహజ వ్యవసాయ బృందం మళ్ళీ కొల్లేరు పోదామనుకుంటోంది. ఇట్లాంటి ప్రయాణం పెట్టుకున్న వేరే రైతు బృందాలు కూడా ఉన్నాయి. అందుకే మా ప్లాన్ మొత్తం రాస్తున్నాను. ముందు తప్పు సంగతి చెప్తాను, తర్వాత ప్లాన్.

పోయిన కార్తీకంలో ఏం జరిగింది

అది కార్తీక ఆదివారం. రాత్రంతా బండి నడుపుకుంటూ పోయాం, నిద్ర లేదు. ఎవరికీ ముందుగా ఫోన్ చేయలేదు. కొల్లేరు అంచున ఒక లంక గ్రామం దగ్గర ఆగి, వలకి పోతున్న ఒక పెద్దాయనని బతిమాలి ఆయన దోనె ఎక్కాం. అది తాటి దోనె, ఇద్దరు కూర్చోదగ్గది. ఆయనతో కలిపి నలుగురం ఎక్కాం. అభయారణ్యం హద్దు ఎక్కడుందో చూసుకోలేదు, ఎవరినీ అడగలేదు. ఆయన వద్దన్నా వినలేదు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు.

గూడబాతుల గుంపు ఒకటి నీళ్ళ మీద నుంచి లేచింది. మంచి షాట్ అని నేను ఫోన్ పట్టుకుని లేచి నిలబడ్డాను. అంతే. దోనె ఒక పక్కకి ఒరిగింది, నలుగురం నీళ్ళలో పడ్డాం.

లోతు ఛాతీ దాకానే. కానీ కింద నేల కాదు, బురద. కాలు పెడితే దిగిపోతుంది. చుట్టూ గుర్రపు డెక్క వేర్లు. మాతో ఉన్న మా చిన్నాయనకి ఈత రాదు, వయసు అరవై దాటింది. లైఫ్ జాకెట్ ఉంది, కానీ ఒంటి మీద లేదు. ఉక్కపోస్తుందని మడిచి కింద వేసుకుని కూర్చున్నారు. "లోతు లేదులే చిన్నాయనా" అని చెప్పింది నేనే. దోనె పెద్దాయన గెడ అందించి ఆయన్ని లాగారు. పది సెకన్లు పట్టిందేమో. ఆ పది సెకన్లు నాకు ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తాయి.

గట్టు ఎక్కాక ఆ పెద్దాయన ఒకే మాట అన్నారు. "దోనెది తప్పు లేదు బాబూ. మీరు నేల మీద ఉన్నామనుకున్నారు."

మనకి కొల్లేరే ఎందుకు

పట్నంలో పిల్లలు దీన్ని కెనూయింగ్ అంటారు. కెనూ అంటే మన దోనెనే. చెట్టు మొదలు తొలిచి చేసిన సన్నటి పడవ. దానికోసం అయితే దగ్గర్లో ఏ రిజర్వాయర్‌కో పోవచ్చు. మేం కొల్లేరు ఎంచుకోవడానికి కారణం నీటి దారి.

నాదర్‌గుల్‌లో పడిన వాన చెరువులు, నాలాల మీదుగా మూసీలోకి పోతుంది. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, తర్వాత విజయవాడ ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ ఎడమ పక్క నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ తూర్పు డెల్టాకి నీళ్ళు తీసుకుపోతాయి. ఇప్పుడు ఆ కాలువలకి పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కూడా తోడవుతున్నాయి. ఆ నీళ్ళు వరి పొలాలు తడిపి, మురుగు కాలువల్లో పడి, చాలా భాగం కొల్లేరు చేరతాయి. పశ్చిమ గోదావరి పక్క మురుగు కాలువలు కూడా అక్కడికే. మైలవరం కొండల నుంచి వచ్చే బుడమేరు, ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరు, వీటితో పాటు రామిలేరు కూడా అందులోనే పడతాయి. చివరికి ఒకటే బయటి దారి. దాని పేరు ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది.

మన ఊరి నీళ్ళు బొట్టు పోకుండా కొల్లేరుకే పోతాయని నేననట్లేదు. మధ్యలో చాలా ఆనకట్టలున్నాయి. కానీ దారి అయితే ఉంది. యూరియా చల్లినా, మానేసినా, ఆ సంగతి చివరికి తెలిసేది అట్లాంటి చోటే. కాబట్టి మన బృందం పోవాల్సింది పిక్నిక్ స్పాట్‌కి కాదు, మన కాలువ చివరికి అనుకున్నాం.

కొల్లేరు గురించి పోయే ముందు తెలియాల్సినవి

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వరద రోజుల్లో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. అందుకే దాన్ని కాంటూరు లెక్కలో కొలుస్తారు. సముద్ర మట్టానికి 10 అడుగుల కాంటూరు దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు, 5 అడుగుల దాకా అయితే 308, 3 అడుగుల దాకా అయితే 135. 1999లో 5 అడుగుల కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన ఒప్పందం పేరు మీద వచ్చిన జాబితా అది.

మధ్యలో చేపల చెరువులు సరస్సుని కమ్మేశాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ప్రభుత్వం వాటి గట్లు తెగ్గొట్టింది. 2008లో అభయారణ్యాన్ని 5 అడుగుల నుంచి 3 అడుగుల కాంటూరుకి తగ్గించమని అప్పటి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అక్కడి ఊళ్ళలో కాంటూరు అంటే కాగితం మీద గీత కాదు. ఎవరి బువ్వ ఏ గీత కిందుందో అన్న లెక్క. మనం పోయి "మీ చేపల చెరువులే సరస్సుని పాడు చేశాయి" అని ఉపన్యాసం ఇస్తే బాగుండదు. పై నుంచి ఎరువుల నీళ్ళు పంపింది కూడా మనలాంటి రైతులే.

తేదీ ఎట్లా పెట్టుకున్నాం

పోయినసారి మాకు కుదిరిన రోజు చూసుకున్నాం. ఈసారి నాలుగు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకున్నాం.

మొదటిది పంట. ఆశ్వయుజంలో పత్తి తీత మొదలవుతుంది, వరి కోతకొస్తుంది, శనగ వేసేవాళ్ళు పదును చూసుకుని విత్తుతారు. ఎవరి పొలంలో ఏ పని ఎప్పుడో పేపర్ మీద రాసుకున్నాం. మా పక్క ఆకుకూరలు, కూరగాయలు వేసేవాళ్ళే ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ఇళ్ళకి డెలివరీ శని, ఆదివారాలు ఉంటుంది. అంటే వారం మధ్యలోనే వీలు.

రెండోది జనం. కార్తీకంలో ఆది, సోమవారాలు వనభోజనాలు, స్నానాలు. నీళ్ళున్న ప్రతిచోటా రద్దీ. రద్దీ ఉన్నచోట పడవల వాళ్ళ మీద ఒత్తిడి, ఒకరిద్దరిని ఎక్కువ ఎక్కించడం మామూలే. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. అది కార్తీక ఆదివారమే.

మూడోది వాతావరణం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమని ఊడ్చేసిన ఉప్పెన ఈ కాలంలోదే. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి ఎంత పోయిందో మీకు తెలుసు. ఒక్క తుపానే కాదు, ఎగువన వాన పడినా కొల్లేరు పొంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచిన నీళ్ళు తర్వాత పోయింది కొల్లేరులోకే. అక్కడ ఎండ కాస్తుండగానే లంక గ్రామాల దారులు మునిగాయి. కాబట్టి కైకలూరు వాతావరణం ఒక్కటే చూస్తే సరిపోదు, విజయవాడ, మైలవరం పక్క వానలు కూడా చూడాలి.

నాలుగోది పక్షులు. అటపాకలో గూడబాతులు శీతాకాలం అంతా గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. కార్తీకంలో పోతే గూళ్ళ హడావిడి మొదలై ఉంటుంది. చూడటానికి బాగుంటుంది, చెడగొట్టడానికీ అదే టైం.

ఈ నాలుగూ కలిపి చూస్తే కార్తీక పౌర్ణమి దాటాక వచ్చే మంగళ, బుధవారాలు మాకు సరిపోయాయి. దానికి తోడు వారం తర్వాత మంగళ, బుధవారాలు కూడా రిజర్వులో పెట్టాం. బయలుదేరే ముందు మూడు రోజుల నుంచి భారత వాతావరణ శాఖ బులెటిన్ చూస్తాం. ఆ జిల్లాలకి ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే, లేదా మత్స్యకారులని వేటకి పోవద్దన్నారంటే ప్రయాణం వాయిదా. ఇందులో ఓటింగ్ లేదు. బండి అడ్వాన్స్ పోయినా సరే.

పొలం సంగతి కూడా ఇప్పుడే చూసుకున్నాం. జీవామృతం 48 గంటలు పులియాలి, రోజుకి రెండుసార్లు కలపాలి, వారం లోపల వాడేయాలి. కాబట్టి పోయే ముందు రోజు డ్రమ్ములో వేసి, కలిపే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్తే తిరిగొచ్చేసరికి వాడకానికి తయారుగా ఉంటుంది. పశువుల దగ్గర ఎవరుంటారో ఖాయం కాని ఇంటి నుంచి ఎవరూ రారు. మనసు ఇంటి దగ్గర పెట్టుకుని దోనె ఎక్కకూడదు.

అనుమతి, పడవ

అభయారణ్యంలోకి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. "మా వాళ్ళ ఊరే, ఎవరూ ఏమనరు" అనే మాట నమ్మొద్దు. దొరికితే మనం బండెక్కి వచ్చేస్తాం, ఇబ్బంది దోనె వాళ్ళకి.

మా ప్లాన్‌లో పడవ రెండు దశలు.

మొదటి దశ అటపాక. కైకలూరుకి రెండు కిలోమీటర్ల దూరం. అక్కడ అటవీశాఖ పడవల్లో పక్షులని చూపిస్తారు. వేళలు, రేటు, పడవకి ఎంతమంది అనేది ముందే ఫోన్‌లో అడిగి రాసుకోవాలి. కొత్తవాళ్ళు, పెద్దవాళ్ళు, ఫిట్స్, కళ్ళు తిరగడం లాంటివి ఉన్నవాళ్ళు ఇక్కడితోనే ఆగుతారు. ఇది తక్కువేం కాదు, అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది.

రెండో దశ దోనె. అటవీశాఖ వాళ్ళు ఏ చోట సరే అంటే అక్కడే, ఏ టైం చెప్తే ఆ టైంలోనే. వద్దంటే దోనె లేదు, గట్టు మీద కూర్చుని మాట్లాడుకుని వస్తాం. విడి దోనె ఎక్కం. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి, అడ్డంగా కర్రలు వేసి కట్టినదే ఎక్కుతాం. దాన్ని పాత తెలుగులో సంగడి అన్నారు. జత, స్నేహం అన్నా అదే మాట. ఒంటి దోనె గుండ్రంగా ఉండి చిన్న కదలికకే ఒరుగుతుంది. రెండు కట్టేసరికి వెడల్పు పెరిగి నిలకడ వస్తుంది. మన ఎడ్ల బండికి రెండు చక్రాలు ఎందుకో ఇదీ అందుకే.

దోనె నడిపే ఆయనకి ఆ పూట వేట పోతుంది. కాబట్టి "ఎంతిమ్మంటారు" అని ముందే అడిగి, ఆ పూట వేట మీద వచ్చేదానికి తగ్గకుండా ఇస్తాం. బేరం ఆడం. మన కూరగాయలని ఎవరైనా బేరమాడితే మనకెట్లా ఉంటుందో తెలుసు కదా.

నీళ్ళ మీద నియమాలు

ఇవి పేపర్ మీద రాసి అందరి సంతకం పెట్టించాం. నవ్వుకున్నారు, కానీ పెట్టారు.

ఒకటి. జాకెట్ గట్టు మీదే వేసుకోవాలి, గట్టు మీదకి వచ్చాకే విప్పాలి. వేసుకుంటే సరిపోదు, పరీక్ష చేయాలి. బెల్టులు బిగించాక వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే అది వదులుగా ఉన్నట్టు. నీళ్ళలో అదే తల మీద నుంచి జారిపోతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో 77 మంది ఉన్నారు, 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. బోటు పెద్దది, నడిపేవాళ్ళున్నారు అనే ధైర్యం నీళ్ళ దగ్గర పనికిరాదు.

రెండు. ఎంతమందో చెప్పేది దోనె ఆయనే. ఆయన ముగ్గురంటే ముగ్గురే. నాలుగో మనిషి "నేను సన్నగా ఉంటా" అనకూడదు.

మూడు. ఎవరూ నిలబడరు. అడుగున కూర్చోవాలి, బరువు మధ్యలో ఉండాలి. చెయ్యి బయట పెట్టకూడదు. పక్షి ఏ పక్క కనపడినా మెడ తిప్పాలి గానీ ఒళ్ళు తిప్పకూడదు.

నాలుగు. దోనెలో వీడియో లేదు. ఈ నియమం నా కోసం. ఛానల్ కోసం తీసేది గట్టు మీద నుంచే. డ్రోన్ అసలే వద్దు. గూళ్ళ మీద డ్రోన్ తిరిగితే తల్లి పక్షులు లేచిపోతాయి, గుడ్లు, పిల్లలు ఎండకీ కాకులకీ మిగులుతాయి.

ఐదు. బోల్తాపడితే ఈత కొట్టుకుంటూ గట్టుకి పోవద్దు. దోనె పట్టుకోవాలి. కర్ర కాబట్టి నీళ్ళు నిండినా తేలుతుంది. కాళ్ళు బురదలో దించొద్దు, పైకి తేలి పడుకున్నట్టు ఉండాలి. బురదలో నిలబడాలని చూస్తే ఇంకా దిగుతాం.

ఆరు. పొద్దున్నే పోవాలి. ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది, లోతు తక్కువ నీళ్ళలో అలలు తొందరగా లేస్తాయి. గంట, గంటన్నర చాలు.

ఏడు. పక్షులకి దూరం ఎంత అంటే కొలత అక్కర్లేదు. పక్షి చేసే పని ఆపి, మెడెత్తి మన వైపు చూసిందంటే అదే హద్దు. అక్కడి నుంచి వెనక్కి.

రెండు రోజుల లెక్క

మేం 12 మందిమి, ఒక టెంపో ట్రావెలర్. రాత్రి ప్రయాణం వద్దని తీర్మానం. మంగళవారం పొద్దున 5 గంటలకి నాదర్‌గుల్ నుంచి బయలుదేరి, ఎల్‌బీ నగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కుతాం. దారిలో సూర్యాపేటకి ముందు మూసీ వంతెన దగ్గర బండి జాగ్రత్తగా పక్కకి ఆపి ఒక పది నిమిషాలు. మన నీళ్ళు ఏ రంగులో పోతున్నాయో అందరూ చూడాలి. మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ, కాలువల తలుపులు. అక్కడి నుంచి గుడివాడ, కైకలూరు. మొత్తం దూరం 340 కిలోమీటర్లకి అటూ ఇటూ. సాయంత్రం అటపాక గట్టు మీద నుంచి పక్షులు గూటికి చేరడం చూసి, తిని, పెందలాడే పడుకోవడం.

బుధవారం పొద్దున పడవ. తర్వాత మత్స్యకారులతో కూర్చుని మాట. మధ్యాహ్నం భోజనం ఊళ్ళోనే, ముందు చెప్పి, పైసలు ఇచ్చి వండించుకుంటాం. శాకాహారుల లెక్క కూడా ముందే చెప్తాం. ఒంటి గంటకి తిరుగు ప్రయాణం.

బండి వద్దనుకునే బృందాలకి రైలు కూడా ఉంది. సికింద్రాబాద్ పక్క నుంచి నర్సాపురం పోయే రాత్రి రైళ్ళు కొన్ని కైకలూరులో ఆగుతాయి. అట్లా పోతే దిగిన రోజు రెస్ట్ తీసుకుని, మర్నాడు నీళ్ళ మీదకి పోండి.

సామాన్లు తక్కువ. తాగే నీళ్ళు మన దగ్గరివే. టోపీ, మారు బట్టలు, రోజూ వేసుకునే మందులు, ఫోన్‌కి నీళ్ళు చొరని కవర్. కాళ్ళ పగుళ్ళు, చేతుల మీద కోతలు ఉంటే నీళ్ళు తగలకుండా ప్లాస్టర్ వేసుకోవాలి. మన రైతుల కాళ్ళకి పగుళ్ళు ఉండనే ఉంటాయి. నిలవ నీళ్ళ నుంచి ఎలుక జ్వరం లోపలికి పోయేది వాటిలోంచే. తిరిగొచ్చాక రెండు మూడు వారాల లోపల జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టర్‌కి "సరస్సులో దిగాం" అని చెప్పాలి.

తెల్ల పళ్ళెం పరీక్ష

ఉత్తగా చూసి రావడం కాదు, ఒక పని పెట్టుకున్నాం. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కి అనే ఆయన సముద్రంలోకి తెల్ల పళ్ళెం దించి, అది కంటికి కనపడకుండా పోయే లోతుని కొలిచారు. నీరు ఎంత తేటగా ఉందో చెప్పడానికి ఇప్పటికీ అదే పద్ధతి వాడుతున్నారు. జానెడు వెడల్పు తెల్ల డబ్బా మూత, కింద ఒక బరువు, అడుగుకో ముడి వేసిన తాడు ఉంటే చాలు.

పోయే ముందు మన చెరువులో ఒకసారి, కొల్లేరులో అటవీశాఖ సరే అంటే పడవ ఆపినప్పుడు ఒకసారి. దేన్నీ తీసుకోవడం లేదు, దించి పైకి లాగడమే. పళ్ళెం గోధుమ రంగులో మాయమైతే మట్టి ఎక్కువున్నట్టు, అంటే ఎక్కడో నేల కోసుకుపోతోంది. పచ్చగా మాయమైతే నాచు ఎక్కువున్నట్టు, అంటే నత్రజని, భాస్వరం వచ్చి చేరుతున్నాయి. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. చేపల చెరువుల వాళ్ళు ఆ టైంలో ఏరేటర్లు తిప్పేది ఇందుకే.

అక్కడి నుంచి ఏమీ తేవద్దు

ముఖ్యంగా గుర్రపు డెక్క. ఊదా పూలు చూసి ఒక మొక్క సంచిలో వేసుకునేవాళ్ళు ఉన్నారు. వద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ కలుపు అనుకూలమైన నీళ్ళలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనం బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు బతికుంటుంది.

"మల్చింగ్‌కి పనికొస్తుంది కదా" అని అడుగుతారు. ఇప్పటికే మీ చెరువులో ఉంటే, పూత రాకముందు తీసి, గట్టు మీద బాగా ఎండబెట్టి పరచండి. కానీ మూసీ నాలాల్లోది మాత్రం ఆకుకూరలకి వాడొద్దు. అది నీళ్ళలోని భార లోహాలను వేర్లతో పీల్చుకుని ఒంట్లో పెట్టుకుంటుంది.

తిరిగొచ్చాక చేసే పని

పోయినసారి తడిసిన బట్టలతో గట్టు మీద కూర్చున్నప్పుడు దోనె పెద్దాయన మా వ్యవసాయం గురించి అడిగారు. యూరియా వాడం, మందులు కొట్టం, పేడ, మూత్రమే అని గొప్పగా చెప్పాను. ఆయన "పేడ ఎక్కడ పోస్తారు బాబూ?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. మా పేడ కుప్ప చెరువు వైపు వాలులో, పైకప్పు లేకుండా ఉంది. గట్టి వాన వస్తే నల్లటి నీళ్ళు కాలువలోకి పోతాయి. పురుగుమందు లేని పంట అమ్ముతున్నాం, నిజమే. కానీ నీళ్ళలోకి పోయిన నత్రజని బస్తాలోదా, కుప్పలోదా అని నాచు అడగదు. యూరియాలో నత్రజని 46 శాతం, పేడలో చాలా తక్కువ. అయినా ట్రాక్టర్ల కొద్దీ పేడ ఒకే చోట వానకి తడిస్తే చెరువుకి ఆ లెక్క తేడా తెలియదు.

ఇంటికి రాగానే కుప్పని ఎత్తు మీదకి మార్చాను, పైన తాటాకు కప్పు వేశాను, చుట్టూ చిన్న కట్ట పోశాను. కారే నీళ్ళు ఒక గుంతలో చేరతాయి, వాటినే జీవామృతం డ్రమ్ముకి, కంపోస్టు తడపడానికి వాడుతున్నాను. పొలం వాలు చివర కాలువ పక్కన రెండు గజాలు దున్నకుండా వదిలి గడ్డి, కంది వేశాను. అంతకుముందు బయటికి పోయిన ఎరువు నాదే, పైసలూ నావే.

ఈసారి 12 మందిలో ప్రతి ఒక్కరూ బయలుదేరే ముందు తమ పొలం నీళ్ళు బయటికి పోయే చోటు ఫోటో తీయాలి. అదే ఫీజు. ఏడాది తర్వాత అదే చోట ఇంకో ఫోటో. కొల్లేరులో మనం ఒక గంటన్నర ఉంటాం, మన పొలం నీళ్ళు ఏడాదంతా పోతూనే ఉంటాయి.

చివరిగా చిన్నమ్మ మాట

పోయినసారి సంగతి చిన్నమ్మకి మేం చెప్పలేదు. తడిసిన పర్సు ఎండబెట్టడం చూసి ఆమే కనుక్కుంది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి ప్లాన్ కాగితం తీసుకుని ముందు ఆమె దగ్గరికే పోయాను. నియమాలు ఒక్కొక్కటి చదివి వినిపించాను. వాయిదా రోజులు కూడా చూపించాను.

అంతా విని అంది. "మీ చిన్నాయన వస్తడు. నేను గూడ వస్త. జాకెట్ నేనే కట్టి, నేనే గుంజి చూస్త. నువ్వు లేచి నిలబడితే మాత్రం నేనే నిన్ను నీళ్లల్ల దొబ్బుత."

కాబట్టి 13 మందిమి అయ్యాం. బండిలో ఇంకో సీటు వేయించాలి. పౌర్ణమి దాటాక, గాలి, వాన సరిగా ఉంటే పోతాం. లేకపోతే పోం. పోయొచ్చాక గట్టు మీద నుంచి తీసిన వీడియో పెడతాను.

మీ పొలం నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఈ వారం ఒకసారి కాలువ వెంట నడిచి చూడండి. దానికి దోనె అక్కర్లేదు.